పరదా మీద పడని చెయ్యి

సికింద్రాబాద్‌లోని ఆ ట్రస్టు ఆస్పత్రిలో ఫిజియో హాలు కింది అంతస్తులో, చక్రాల కుర్చీలు దిగే వాలు దారికి చివర ఉంటుంది. పొడవాటి గది. ఆరు మంచాలు, ఆరు ఆకుపచ్చ పరదాలు. ఐదు పరదాలు రోజంతా కిర్రుమంటూ మూసుకుంటాయి, కిర్రుమంటూ తెరుచుకుంటాయి. తూర్పు కిటికీ పక్కనున్న ఆరో మంచం పరదా మాత్రం కదలదు. దాన్ని మడతలు పెట్టి, సాగిపోయిన పాత బ్యాండేజీ గుడ్డతో గోడకు కట్టేసి తొమ్మిదేళ్లయింది. ఆడవాళ్లకో, మొహమాటపడే పెద్దాయనకో చాటు కావలసివస్తే మడిచే తెర ఒకటి తెచ్చి పెడతారు. రోగి సరేనంటే ఆ తెర లోపల కూడా ఒక జూనియర్ నిలబడాల్సిందే. అది కల్పలత మంచం, కల్పలత పద్ధతి.

ఆమెకు యాభై మూడేళ్లు. పొట్టి వేళ్లు, వెడల్పాటి అరచేతులు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి ఆ చేతులు. అందుకని రోగిని ముట్టుకునే ముందు రెండూ రుద్దుకుని వేడి చేసుకుంటుంది. జూనియర్‌కు నేర్పేటప్పుడు ఆమె పెద్దగా మాట్లాడదు. "నా చెయ్యి కింద నీ చెయ్యి పెట్టు" అంటుంది. కింద రోగి ఒళ్లు, దాని మీద పిల్ల చెయ్యి, ఆ పైన ఆమె చెయ్యి. "నేను నొక్కను. నీ చేతితోటి విను" అంటుంది. కాసేపటికి, గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు, చర్మం కింద ఎముక కదలడం ఆ పిల్లకు తెలుస్తుంది. మొహం వెలుగుతుంది. ఆ వెలుగును కల్పలత ఎప్పుడూ చూడదు. సరిగ్గా ఆ క్షణానికి కిటికీ వైపు తిరుగుతుంది.

ఈ తొమ్మిదేళ్లలో పదహారు మంది ఆ చేతి కింద చెయ్యి పెట్టి వెళ్లారు. ఎక్కడెక్కడో పని చేస్తున్నారు. కల్పలత మేడమ్‌ది పెద్ద మనసు అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె తువ్వాలు మడతపెడుతుంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెడుతుంది.

ఆ సోమవారం కూడా అదే జరిగింది. మధ్యాహ్నం రోగుల సందడి తగ్గాక, ఏడాది కిందట చేరిన అనుపమ ఒక కాగితం పట్టుకొచ్చింది. అనుపమకు నోరెక్కువ. ఆ హాలులో కల్పలతతో పరాచికాలాడే ధైర్యం ఆ ఒక్క పిల్లకే ఉంది.

"మేడమ్, జెర ఇది నింపుండ్రి. మా ఫ్రెండ్ పీజీ చేస్తుంది గదా, దాని థీసిస్. అనుభవమున్న ఫిజియోలు తోటోళ్లకు ఎందుకు నేర్పిస్తరు అని."

"మీరు నేర్చుకోకుంటే పనంత నా మీద పడతది, అందుకని. రాసుకో."

"గా ఆప్షన్ లేదు మేడమ్. ఐదే ఉన్నయి." అనుపమ మంచం అంచున కూర్చుని చదివింది. "వృత్తి మీద ప్రేమ. తాను పొందినది తిరిగి ఇవ్వాలనే కోరిక. నలుగురిలో గుర్తింపు. నేర్పుతూ తానూ నేర్చుకోవచ్చని. సంస్థ ఆదేశం. మీకు మొదటి రెండు టిక్కు కొట్టేస్తున్న, సంతకం పెట్టుండ్రి చాలు."

"కొట్టకు."

గొంతు అంత గట్టిగా వస్తుందని కల్పలత కూడా అనుకోలేదు. అనుపమ పెన్ను గాలిలో ఆగిపోయింది.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదు. పెట్టిపో, నేను నింపుత." ఆమె తువ్వాలు అందుకుంది.

మడత పూర్తి కాకముందే పైనుంచి కబురు వచ్చింది, సూపరింటెండెంట్ పిలుస్తున్నారని.

సూపరింటెండెంట్ రఘునాథ్ ఈ ఆస్పత్రికి వచ్చి మూడేళ్లే అయింది. మంచివాడు, తొందర మనిషి. టేబుల్ మీద రెండు ఫైళ్లు ఉన్నాయి, ఒకటి కొత్తది, ఒకటి అట్ట చివికిన పాతది.

"కూచోండి మేడమ్. సైనిక్‌పురిలో మన కొత్త సెంటర్‌కు ఇద్దరు ఫిజియోలు కావాలె కదా, అప్లికేషన్లు చూస్తున్న. ఒకామె మన దగ్గర పని చేసిపోయిందట. షహర్ బానో. గుర్తుందా?"

కల్పలత కుర్చీ వీపు పట్టుకుంది. కూర్చోలేదు.

"గుర్తుంది సార్."

"చదువు బాగుంది, అనుభవం బాగుంది. కాని పాత ఫైలుల మెమో ఉన్నది. పేషెంట్ భుజం పాడు చేసిందని. అప్పుడు సీనియర్ మీరేనట." ఆయన పాత ఫైలును ఆమె వైపు తిప్పాడు. "పద్ధతి నేను చూపించాను అని మీ స్టేట్‌మెంట్ ఉంది, సంతకం ఉంది. ఇప్పుడు మీరు ఊఁ అంటే పిలుస్తం. వద్దంటే ఇక్కడే మూసేస్తం. మీ మాటే."

సంతకం నిజంగానే ఉంది. ఆ రోజుల్లో ఆమె తన పేరులోని చివరి అక్షరానికి ఒక తోక గీసేది, లత పాకినట్టు. ఇప్పుడు గీయడం లేదు. ఎప్పుడు మానేసిందో ఆమెకు బాగా తెలుసు.

"రేపు చెప్త సార్" అంది.

మెట్లు దిగుతూ ఆమె లెక్క చూసుకుంది. తొమ్మిదేళ్ల కిందట అబద్ధం చెప్పడానికి రెప్పపాటు సరిపోయింది. నిజం చెప్పడానికి ఇప్పుడు ఒక పూట గడువు కావలసివచ్చింది. ఆ గడువు అడిగిన గొంతు వణకలేదు కూడా. అదే ఎక్కువ సిగ్గేసింది.

*

కల్పలత పుట్టింది బొల్లారంలో. తండ్రి కంటోన్మెంట్ ఆఫీసులో గుమాస్తా. కూతురు ఫిజియో చదువుతానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మేనత్త మాత్రం అర్థం చేసుకుంది: "అంటే మాలిష్ చేస్తవా బిడ్డా?" అని అడిగింది. చదువు అయ్యాక ఈ ఆస్పత్రిలో చేరితే, ఆరో మంచం దగ్గర నతానియేల్ సార్ ఉండేవాడు.

పక్షవాతం వచ్చి బిగుసుకున్న భుజాలను విప్పడంలో ఆయనకు ఆయనే సాటి. నెలల తరబడి వేలాడిన చెయ్యి ఆయన దగ్గర కొమ్మలా లేచేది. రోగులు యాప్రాల్ నుంచి, అల్వాల్ నుంచి వచ్చి ఆయన కోసమే వరుసలో కూర్చునేవారు. పని మొదలుపెట్టే ముందు ఆయన పరదా లాగేవాడు. రోగి మర్యాద కోసం కుట్టించిన పరదా అది. నతానియేల్ సార్ మాత్రం తన విద్య కోసం వాడుకునేవాడు. ఎవరైనా జూనియర్ దగ్గరికి వస్తే, "ఏమ్మా, పనేమీ లేదా?" అనేవాడు నవ్వుతూనే.

అయితే ఆ హాలులో ఒక నిలువుటద్దం ఉండేది. నడక నేర్చుకునేవాళ్లు తమ నడక తాము చూసుకునే అద్దం. అది అప్పట్లో ఆరో మంచానికి ఏటవాలుగా, ఎదురు గోడకు ఉండేది. పరదాకూ కిటికీ గోడకూ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి లోపలి మంచం అద్దంలో పడేది. ఇరవై మూడేళ్ల కల్పలత ఒక రోజు తువ్వాళ్లు సర్దుతూ తలెత్తి చూస్తే, అద్దంలో నతానియేల్ సార్ చేతులు కనబడ్డాయి. రెండు చేతులూ.

ఆమె రెండేళ్లపాటు తువ్వాళ్లు సర్దింది. అంత శ్రద్ధగా తువ్వాళ్లు సర్దిన ఉద్యోగి ఆ ఆస్పత్రి చరిత్రలో లేదు. అద్దంలో చూసిన ప్రతి కదలికనూ ఇంటికి వెళ్లి తమ్ముడి భుజం మీద చేసి చూసేది. అట్లా దొంగిలించి నేర్చుకుంది. నతానియేల్ సార్ రిటైరై వెళ్లాక ఆరో మంచం ఆమెకొచ్చింది. కొత్త చీర కట్టుకుని, ఆ కిటికీ వెలుతురులో నిలబడిన మొదటి రోజు ఆమె చేసిన మొదటి పని, ఒక ఇండెంటు రాయడం. రోగుల సౌకర్యార్థం అద్దాన్ని హాలు అవతలి కొసకు, నడక కడ్డీల ఎదుటికి మార్చవలసిందిగా.

రాసిన కారణం తప్పు కాదు. అక్కడ అద్దం ఉంటే నడిచేవాళ్లకు నిజంగానే మేలు. అసలు కారణం అది కాదని ఆమెకూ అద్దానికీ మాత్రమే తెలుసు.

ఇంత కష్టపడి సంపాదించుకున్నది ఎవరికో ఉత్తపుణ్యానికి ఎందుకివ్వాలి, అని అప్పుడు అనుకుంది. అనుకున్నట్టు కూడా తెలియకుండా అనుకుంది. "ఆ కిటికీ దగ్గరి మేడమే కావాలె" అని రోగి పట్టుబట్టినప్పుడు మెడలో కొత్త నగ వేసుకున్నట్టు ఉండేది. ఆమెకు వేరే నగలు పెద్దగా లేవు.

షహర్ బానో చేరింది తర్వాత చాలా ఏళ్లకు. బొల్లారం బజారులో గడియారాలు బాగుచేసే ఇమాం వలి కూతురు. ఆ ఇంటి ఓపికంతా ఆ పిల్ల వేళ్లలో ఉండేది. వచ్చిన నెలకే పసిగట్టేసింది.

"మేడమ్, చెయ్యి లేపేటప్పుడు మీరు ఇంకేందో చేస్తరు. మేం లేపితే వాళ్లకు తక్లీఫైతది, మీరు లేపితే కాదు. అదేందో జెర చూపిస్తరా?"

"చూస్తుండు. చూస్తుంటే అదే వస్తది" అని కల్పలత పరదా లాగింది. కిర్రుమంది.

చూడమంది కదా, పిల్ల చూసింది. అద్దం లేదు. సందుకు ఎదురుగా ఉత్త గోడ. కాని ఉదయం పూట తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి, లోపలి మనుషుల నీడలు పరదా మీద పడేవి. ఆకుపచ్చ గుడ్డ మీద మంచం నీడ, కూర్చున్న రోగి నీడ, మెల్లగా పైకి లేచే ఒక చెయ్యి. ఎంత ఎత్తుకు లేస్తోంది, ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది, అంతా షహర్ బానో చిన్న నోటుబుక్కులో గీసుకుంది. చంద్రవంకల్లాంటి గీతలు. తండ్రి గడియారం లోపలి భాగాలు ఎట్లా గీసుకునేవాడో అట్లాగే.

ఆ రోజుల్లో కల్పలత రోగుల్లో బ్రహ్మచారి అని ఒకాయన, బొల్లారంలో కంసాలి. ఎడమ పక్క పడిపోయింది. "కుడి చెయ్యి పని చేస్తది గదా" అని ఎవరైనా ఓదారిస్తే నవ్వేవాడు. "ఎడమది పట్టుకుంటెనే గదా బిడ్డా కుడిది పని చేసేది. పట్టుకునేటోడు లేకుంటే సుత్తె ఎవరి నెత్తిన కొట్టాలె?" మూడు నెలలకు ఆయన ఎడమ చెయ్యి గడ్డం దాకా వచ్చింది. ఇంకో రెండు నెలలైతే కొలిమి ముందు కూర్చుంటానని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ రోజు కల్పలతకు తొందరగా పోవలసిన పని పడింది. యాప్రాల్‌లో కడుతున్న ఇంటికి గచ్చు రాళ్లు ఎంచుకోవాలి. అంతే. జబ్బు కాదు, చావు కాదు. లేత బూడిదరంగు రాళ్లా, తెల్లవా అన్నది. పర్సు చంకన పెట్టుకుంటూ, "బ్రహ్మచారి గారిది నువ్వు చూస్కో" అంది షహర్ బానోతో.

"భుజం సుతనా మేడమ్?"

"రోజూ చూస్తనే ఉన్నవు గద."

అందులో చిన్న ఎత్తిపొడుపు ఉంది. ఇప్పటికీ ఆ మాట కన్నా ఆ ఎత్తిపొడుపే ఎక్కువ గుర్తొస్తుంది.

షహర్ బానో నీడలో చూసినట్టే చేసింది. మోచేతి కింద పట్టుకుని, అదే నెమ్మదితో, అదే ఎత్తుకు లేపింది. లోపల ఏదో తెగింది. కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ. బ్రహ్మచారి అరుపు వాలు దారి పైదాకా వినబడిందట. ఆ అరుపు కల్పలత వినలేదు. ఆ సమయానికి ఆమె ఒక రాయిని తడిపి రంగు చూస్తోంది.

అప్పటి సూపరింటెండెంట్ ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. "ఎట్లా చెయ్యాలో మీరు ఈ అమ్మాయికి చూపించారా?"

"చూపించిన సార్" అంది కల్పలత.

షహర్ బానో ఆమె మొహం వైపు చూడలేదు. చేతుల వైపు చూసింది. తర్వాత, "నేను నీడ చూసి చేసిన సార్" అంది మెల్లగా.

"ఏం నీడ?" అన్నాడు ఆయన విసుగ్గా.

వారం తిరక్కుండా ఆ పిల్ల ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది.

నీడ ఏమిటో కల్పలతకు కూడా అప్పుడు తెలియలేదు. ఆ విచారణ మర్నాడు ఉదయం, వేరే ఫిజియో ఒకాయన ఆరో మంచం మీద ఎవరికో చేస్తుంటే ఆమె పరదా బయట నిలబడింది. ఎండ పడుతోంది. పరదా మీద ఒక చెయ్యి లేస్తోంది. ఒక్కటే. రెండో చెయ్యి, భుజం వెనక రెక్క ఎముక మీద తాను పెట్టే చెయ్యి, పెట్టినా రోగి వీపు నీడలో కలిసిపోతుంది. అసలు కిటుకంతా ఆ రెండో చేతిదే. ముందు అది రెక్కను కదపాలి, దాని వెంట చెయ్యి రావాలి. అది లేకుండా లేపితే తలుపు తీయకుండా మనిషిని గోడలోంచి లాగినట్టే.

ఎన్ని నెలలు చూసినా, ఎంత ఓపికతో చూసినా, ఆ గుడ్డ మీద ఆ చెయ్యి ఎప్పటికీ పడదు.

ఆమె బ్యాండేజీ గుడ్డ వెతికి పరదాను గోడకు కట్టేసింది. ఆ నెలలోనే కొత్తగా వచ్చిన పిల్లను పిలిచి, నా చెయ్యి కింద నీ చెయ్యి పెట్టు అంది. అది మంచితనం కాదు. మళ్లీ ఏదన్నా జరిగితే, మళ్లీ నన్ను అడుగుతారనే భయం. భయం కొన్నాళ్లకు అలవాటైంది. అలవాటు పేరు పెద్ద మనసైంది.

బ్రహ్మచారి చెయ్యి ఆ తర్వాత రొమ్ము దాటి పైకి రాలేదు. ఆయన కొన్నాళ్లు వచ్చి మానేశాడు. చివరిసారి వచ్చినప్పుడు, "ఆ పిల్లను ఏమనకుండ్రమ్మా. దాని చెయ్యి మెత్తనిదే. తొవ్వ తెల్వలే, గంతే" అన్నాడు. కల్పలత అప్పటినుంచి బొల్లారం వెళ్లినా బజారులోంచి వెళ్లదు. కొడుకు నడిపే దుకాణంలో ఆయన ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడని విన్నది. పుట్టిన ఊరి బజారును చుట్టుదారిన దాటుతుంది.

*

మంగళవారం ఉదయం ఆమె రఘునాథ్ గదిలో నిలబడి అంతా చెప్పింది. పరదా, నీడ, గచ్చు రాళ్లు. చెబుతున్నంతసేపూ ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూనే ఉన్నాడు.

"సరే మేడమ్. ఇప్పుడిదంతా ఎందుకు? ఆమెను పిలుద్దాం, సీటిద్దాం. మెమో పక్కన పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తది?"

"పక్కన పెట్టొద్దు సార్. దాని కిందనే రాస్త."

"ఏం రాస్తరు?"

"చూపించలేదు అని."

రఘునాథ్ పేపర్‌వెయిట్ ఆపాడు. "వచ్చే నెల ట్రస్టు వాళ్లు మీకు శాలువా కప్పుతమని ఫిక్సయిండ్రు, ఎరుకేనా? ఇన్విటేషన్ల మీ ఫోటో సుత పోయింది. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి మేడమ్."

శాలువా మాట విని ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు వచ్చే చోటినుంచే. "శాలువా ఇంకెవరికన్నా కప్పుండ్రి సార్. పెన్నియ్యండి."

ఆమె రాసింది. నేను చూపించలేదు. చూపించానని చెప్పినది అబద్ధం. తర్వాత ఆగి, అద్దం సంగతి కూడా రాసింది, ఎక్కడ ఉండేది, ఎవరు మార్పించారు, ఎందుకు.

మెడ సాచి చదువుతున్న రఘునాథ్, "అద్దం గొడవెందుకు మేడమ్? ఇదెవ్వరడిగిండ్రు?" అన్నాడు.

"ఎవరూ అడగలే. ఆ పిల్లకు తెల్వది, అందుకే రాస్తున్న."

సంతకానికి తోక గీయలేదు. కిందికి వచ్చి, సొరుగులోంచి అనుపమ కాగితం తీసింది. రెండో వాక్యంలో ఒక్క మాట కొట్టేసి పైన వేరే మాట రాసి ఇచ్చేసింది. తాను పొందినది తిరిగి ఇవ్వాలనే కోరిక అని ఉన్నచోట, తాను దాచినది అని.

"ఇదేంది మేడమ్? కంప్యూటర్ల ఎక్కదు ఇట్ల రాస్తే."

"ఎక్కకుంటే ఎక్కకపోనీ."

*

రఘునాథ్ పిలిపిస్తే, గురువారం పదకొండింటికి షహర్ బానో వచ్చింది. అనుపమ రెండో మంచం దగ్గర ఒక ముసలామె మోకాలికి కట్టు కడుతోంది. కల్పలత గుర్తుపట్టింది ముందు ఆ నడకను. మనుషుల్ని నడకతో గుర్తుపట్టడం ఈ వృత్తివాళ్ల అలవాటు. కొంచెం ఒళ్లు చేసింది. దుపట్టా అంచున ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు.

"కూర్చోండి" అంది కల్పలత.

"గా 'అండి' ఏంది మేడమ్ కొత్తగ? నువ్వనే అనుండ్రి." షహర్ బానో కూర్చోలేదు. "పైన సార్ దగ్గరికి పోయొచ్చిన. కాగితం చదివిన."

కల్పలత దగ్గర మాటలు ఉన్నాయి. మూడు రోజులుగా పేర్చుకున్నవి. "నన్ను క్షమించు" అన్నది మాత్రం జారింది.

"అది మీ దగ్గరనే ఉండనియ్యండ్రి. నేనేం చేసుకోవాలె దాన్ని?" షహర్ బానో గొంతులో కోపం లేదు. చాలా రోజులు ఎండలో ఆరేసిన బట్టలా ఉంది గొంతు. "సైనిక్‌పురి నౌకరీ కోసం రాలేదు మేడమ్ నేను. నాకు మల్కాజిగిరిల పనున్నది. మోకాళ్లు చూస్త, నడుములు చూస్త. భుజం ఒక్కటి ముట్ట. భుజం అంటే వేరేటోళ్లకు పంపిస్త."

"మరి దరఖాస్తు..."

"దరఖాస్తు పెడితెనే గదా పాత ఫైలు తెరుస్తరు. అందుల మీరేం రాసిండ్రో చూడాలనిపించింది. మా అబ్బా పోయి రెండేండ్లాయె. పోయేముందు సుత అడిగిండు. 'బేటీ, వాళ్లు చూపించిండ్రంట గదా. నువ్వే చూడలేదా?' అని. గడియారం పని చేసినోడు గదా. చూపించినంక సుత రాకపోవుడేంది అని ఆయనకు మనసుల ఉండిపోయింది."

కల్పలత కిటికీ వైపు తిరగబోయింది. తిరగలేదు. ఈసారి చూడాలి అనుకుంది. చూసింది.

"అద్దం సంగతి నిజమేనా?" అంది షహర్ బానో.

"నిజమే."

షహర్ బానో హాలు అవతలి కొసన ఉన్న అద్దం వైపు చూసింది. అందులో దూరంగా, చిన్నగా, ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆమెకు నవ్వొచ్చింది, పొడిగా.

"రోజూ గా అద్దం ముందట నిలబడి రోగులకు నడక నేర్పిన మేడమ్. రోజూ నా మొఖం నేను చూసుకున్న అందుల. అద్దం రోగుల కోసం పెట్టిచ్చిండ్రు, మేడమ్‌ది మంచి ఆలోచన అనుకునేదాన్ని."

అనుపమ కట్టు కట్టడం ఎప్పుడో ఆపేసింది. ముసలామె కూడా కాలు అట్లాగే చాపి వింటోంది.

"కాగితం జిరాక్స్ ఇప్పించుండ్రి" అంది షహర్ బానో. "అమ్మీకి చూపించాలె. అతీక్‌కు సుత, మా తమ్మునికి. వాడు సుత నన్నే అనేటోడు."

అనుపమ ఏమీ అడగకుండా లేచి వెళ్లి తెచ్చింది. ఇస్తూ కల్పలత కళ్లలోకి చూడలేదు. ఆ చూడకపోవడం సూదిలా దిగింది. దిగవలసిందే అనుకుంది కల్పలత.

షహర్ బానో కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, గోడకు కట్టేసిన పరదాను, ఆ చీకిపోయిన బ్యాండేజీ ముడిని చాలాసేపు చూసింది. తిరిగి వచ్చింది.

"రెండో చెయ్యి ఎక్కడ పెడ్తరు?"

కల్పలత వేలసార్లు చెప్పిన జవాబు అది. ఆమె మంచం పక్కకు జరిగింది.

షహర్ బానో సంచి కింద పెట్టి, మంచం మీద కూర్చుని, ఆమెకు వీపు తిప్పింది. "పుస్తకంల చదివిన. మంది చేస్తుంటే చూసిన. అయినా నా చేతులు నమ్మలే. నా భుజం మీదనే చూపించుండ్రి."

కల్పలత అరచేతులు రుద్దుకుంది. ఎంత రుద్దినా వేడెక్కలేదు. చల్లని చేతులతోనే ఒకటి మోచేతి కింద పెట్టింది. రెండోది వీపు మీద, రెక్క ఎముక అంచున ఆనించింది. అరచెయ్యి కింద ఆ ఎముక, ఎగరడానికి భయపడే పిట్టలా, ఒకసారి బిగిసింది. ఆమె ఆగింది. అది వదిలేదాకా ఆగింది. అప్పుడు రెక్కను మెల్లగా బయటికి, పైకి తోసింది. చెయ్యి దాని వెంట, దానంతట అదే లేచినట్టు, లేచింది. గడ్డం దాకా. చెవి దాకా. కిటికీలోని వెలుతురు దాకా.

షహర్ బానో కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరవకుండానే, చాలా చిన్న గొంతుతో అడిగింది:

"గింతేనా మేడమ్?"

కల్పలత చెయ్యి ఇంకా ఆ వీపు మీదే ఉంది. తొమ్మిదేళ్లు. ఒక కంసాలి ఎడమ చెయ్యి. ఒక గడియారాలాయన ఆఖరి ప్రశ్న. ఇరవై మూడేళ్ల వయసులో అద్దంలో చూసి, బంగారమని దాచుకున్నది అరచెయ్యంత కూడా లేదు. చూపించడానికి పట్టింది ఒక నిమిషం. తువ్వాలు మడతపెట్టినంతసేపు.

"ఇంతే బిడ్డా" అంది. "ఇంతే."